గని ఒకచోట, గద్దె ఒకచోట

జంషెడ్‌పూర్‌లో టాటా సంస్థల గేట్ల ఎదుట 2021 నవంబరు 17న జరిగిన ఆందోళన వేతనాల కోసం కాదు, బోనస్ కోసం అంతకన్నా కాదు. టాటా మోటార్స్, అమెరికాకు చెందిన కమిన్స్ సంస్థ 1993లో ఉమ్మడిగా నెలకొల్పిన టాటా కమిన్స్ కంపెనీ తన రిజిస్టర్డ్ కార్యాలయాన్ని జంషెడ్‌పూర్ నుంచి పుణేకు మార్చుకోదలచిందన్న వార్తపై ఆగ్రహం అది. ఉద్యోగాలలో 75 శాతం స్థానికులకే ఇవ్వాలన్న డిమాండును కూడా దానికి జోడించారు. గేట్లకు అడ్డంగా నిలిచినది ప్రతిపక్షం కాదు. నాడు రాష్ట్రంలో పాలక కూటమికి నాయకత్వం వహిస్తున్న జార్ఖండ్ ముక్తి మోర్చాయే. ప్రభుత్వంలో ఉన్న పార్టీ తన ప్రభుత్వానికి ఉన్న అధికారాలను పక్కనపెట్టి గేటు ముందు బైఠాయించడం విడ్డూరంగా కనిపించవచ్చు. కానీ ఒక కంపెనీ తన ప్రధాన కార్యాలయాన్ని ఎక్కడ పెట్టుకోవాలన్న విషయంలో రాష్ట్ర ప్రభుత్వాలకు ఉన్న అధికారం ఏపాటిదో ఆ దృశ్యమే చెప్పింది.

కర్మాగారం ఎక్కడికీ పోవడం లేదు కదా, ఇంజన్లు జంషెడ్‌పూర్‌లోనే తయారవుతాయి కదా, మారేది చిరునామా ఒక్కటే కదా అన్నది కంపెనీల పక్షాన వినిపించే వాదన. చిరునామాకు అంత విలువ లేకపోతే దానిని మార్చుకోవడానికి మాత్రం అంత ఆరాటం దేనికన్నది జంషెడ్‌పూర్ వాసుల ఎదురు ప్రశ్న. రెండింటిలోనూ సత్యం లేకపోలేదు. ప్రధాన కార్యాలయం అనే మాటలో నిజానికి రెండు వేర్వేరు వస్తువులు ఇమిడి ఉన్నాయి. కంపెనీల చట్టం దృష్టిలో రిజిస్టర్డ్ కార్యాలయమంటే నోటీసులు అందుకునే చోటు, రికార్డులు భద్రపరిచే చోటు, ఏ రాష్ట్ర రిజిస్ట్రారు పరిధిలోకి కంపెనీ వస్తుందో తేల్చే చోటు. వ్యాపార ప్రపంచం దృష్టిలో ప్రధాన కార్యాలయమంటే డైరెక్టర్లు కూర్చునే చోటు, పెట్టుబడులు ఎక్కడికి పోవాలో, ఎవరిని తీసుకోవాలో, ఎవరిని సాగనంపాలో నిర్ణయమయ్యే చోటు. మొదటిది కాగితం మీది వ్యవహారం. రెండవది గద్దె. ఒకటి కదిలితే రెండవది కూడా కదులుతుందన్న భయమే ఆందోళనలకు మూలం.

ఇందులోని చమత్కారమేమంటే జంషెడ్‌పూర్‌కు ఆ గద్దె మొదటి నుంచీ లేదు. ఆ నగరాన్ని సృష్టించిన కంపెనీయే దానిని బొంబాయిలో ఉంచుకున్నది.

టాటా ఉక్కు కంపెనీకి స్థలం ఎంపిక జరిగిన తీరు భారత పారిశ్రామిక చరిత్రలో తెలుసుకోదగ్గ ఘట్టం. జంషెడ్‌జీ టాటా 1902లో అమెరికా వెళ్లి ఉక్కు నిపుణులను సంప్రదించారు. న్యూయార్కుకు చెందిన చార్లెస్ పేజ్ పెరిన్ అనే ఇంజనీరు ఈ బాధ్యతకు అంగీకరించారు. ఆయన సహచరుడు సి.ఎం.వెల్డ్ మధ్య పరగణాలలోని చాందా ప్రాంతంలో అన్వేషణ మొదలుపెట్టారు. ఖనిజం ఉన్నచోట తగిన బొగ్గు లేదు. అదే ప్రాంతంలో అటు దుర్గ్ జిల్లా కొండల్లో మేలైన ఖనిజం కనిపించింది. దశాబ్దాల తరువాత భిలాయి కర్మాగారానికి ఆధారమైనవి ఆ రాజారా గనులే. మహానది ఒడ్డున సంబల్‌పూర్ సమీపంలోని పదంపూర్‌ను కూడా పరిశీలించారు. ఈలోగా భూగర్భశాఖలో పనిచేసి విరమించి మయూర్‌భంజ్ సంస్థానంలో చేరిన ప్రమథనాథ్ బోస్ 1904 ఫిబ్రవరి 24న జంషెడ్‌జీకి ఒక లేఖ రాశారు. మయూర్‌భంజ్ కొండలలో, ముఖ్యంగా గోరుమహిసానిలో, ఉన్నత శ్రేణి ఇనుప ఖనిజం పుష్కలంగా ఉన్నదని, ఝరియా బొగ్గు దానికి దూరం కాదని ఆ లేఖ సారాంశం. జంషెడ్‌జీ ఆ ఏడాది మే 19న జర్మనీలోని బాడ్ నౌహీమ్‌లో కన్నుమూశారు. పని కుమారుడు దొరాబ్జీ చేతికి వచ్చింది.

ఖనిజం, బొగ్గు తేలిన తరువాత మిగిలినవి నీరు, రైలు. ఉక్కు కర్మాగారానికి నీటి దాహం ఎక్కువ. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసేచోట సాక్చి అనే గ్రామం, దానికి చేరువలో బెంగాల్ నాగపూర్ రైల్వే మార్గంలో కాళీమాటి అనే చిన్న స్టేషను అన్వేషకుల కంటబడ్డాయి. ఖనిజం, బొగ్గు, సున్నపురాయి, నీరు, కలకత్తా రేవుకు దారి అన్నీ ఒక్కచోట కలిసివచ్చాయి. 1911 డిసెంబరు 2న ఇక్కడ తొలి ముడిఇనుము కరిగింది. మరుసటి సంవత్సరం ఉక్కు వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు బ్రిటిష్ సేనలకు అక్కరకు వచ్చినందుకు కృతజ్ఞతగా 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. కాళీమాటి టాటానగర్ అయింది.

గనికీ గద్దెకూ మధ్య ఎడం ఇంతకు ముందే మొదలైంది. కర్మాగారానికి డబ్బు కోసం టాటాలు మొదట లండన్ మార్కెట్టు తలుపు తట్టారు. అక్కడ షరతులు ఎక్కువ, నమ్మకం తక్కువ. అది స్వదేశీ ఉద్యమ కాలం. దొరాబ్జీ స్వదేశీయుల వద్దకే వెళ్లారు. కంపెనీని 1907 ఆగస్టు 26న బొంబాయిలో రిజిస్టరు చేశారు. సుమారు 2.3 కోట్ల రూపాయల మూలధనం దాదాపు 8 వేల మంది భారతీయుల నుంచి మూడు వారాలలో సమకూరింది. కర్మాగారాన్ని ఖనిజం పిలిచింది. కార్యాలయాన్ని మూలధనం పిలిచింది. 1924లో నిర్మితమైన బాంబే హౌస్ నేటికీ ఆ కంపెనీ రిజిస్టర్డ్ చిరునామా. 1945లో జంషెడ్‌పూర్‌లోనే రైలు ఇంజన్ల తయారీతో మొదలై నేడు లారీలకు పేరుపొందిన టెల్కో, అంటే నేటి టాటా మోటార్స్ కథా ఇదే. ఆ కర్మాగారం పక్కన పుట్టిన టాటా కమిన్స్ మాత్రం 2021 నాటికి జంషెడ్‌పూర్ చిరునామాతోనే ఉండేది. ఉన్న కొద్దిపాటి కూడా పోతున్నదన్న బాధ అందుకే అంత తీవ్రమైనది.

ఈ ప్రాంతానికి కేంద్ర ప్రభుత్వ విధానాలు చేసిన నష్టం కూడా తక్కువ కాదు. 1950 దశకం నుంచి నాలుగు దశాబ్దాల పాటు అమలయిన రవాణా చార్జీల సమీకరణ విధానం వల్ల జంషెడ్‌పూర్ ఉక్కు బొంబాయిలోనూ మద్రాసులోనూ జంషెడ్‌పూర్ ధరకే దొరికింది. గనుల పక్కన ఉండటంలోని సహజమైన లాభం ఆ విధంగా హరించుకుపోయింది. ఉక్కుతో వస్తువులు చేసే పరిశ్రమలు మార్కెట్టూ బ్యాంకులూ ఓడరేవులూ ఉన్న పశ్చిమ, దక్షిణ తీరాలకు వెళ్లాయి. పరిశ్రమల వెంట కార్యాలయాలు, కార్యాలయాల వెంట చదువుకున్నవారు తరలిపోయారు. 1990 దశకం ఆరంభంలో ఆ విధానాన్ని ఎత్తివేసేనాటికి జరగవలసిన నష్టం జరిగిపోయింది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్న సామెత బీహారు పీఠభూమికి, 2000 నవంబరు 15న అవతరించిన జార్ఖండ్‌కు సరిగ్గా వర్తిస్తుంది.

కంపెనీలు ప్రధాన కార్యాలయానికి నగరాన్ని ఎలా ఎంచుకుంటాయి? ఈ ప్రశ్నకు బహిరంగంగా సమాధానం చెప్పిన సంస్థ అమెజాన్. సియాటిల్‌లోని తన ప్రధాన కార్యాలయానికి తోడు రెండవది నెలకొల్పుతామని, 50 వేల ఉద్యోగాలు వస్తాయని 2017 సెప్టెంబరులో ఆ సంస్థ ప్రకటించి ఉత్తర అమెరికా నగరాల నుంచి టెండర్లు పిలిచినంత పని చేసింది. పది లక్షలకు మించిన జనాభా, 45 నిమిషాలలో చేరుకోగల అంతర్జాతీయ విమానాశ్రయం, ప్రజా రవాణా, సాంకేతిక నిపుణులు, వీటికి తోడు ప్రభుత్వ రాయితీలు దాని కోరికల జాబితాలో ఉన్నాయి. 238 ప్రతిపాదనలు వచ్చాయి. చిన్న నగరాలు సైతం ఆశపడ్డాయి. 2018 నవంబరులో ఫలితం వెలువడింది. ఆర్థిక రాజధాని న్యూయార్కు ఒకటి, రాజకీయ రాజధాని వాషింగ్టన్‌ను ఆనుకుని ఉన్న ఆర్లింగ్టన్ మరొకటి. ఏడాదికి పైగా సాగిన స్వయంవరంలో వరమాల ముందే అనుకున్న మెడలలోనే పడిందని విమర్శకులు వ్యాఖ్యానించారు. రాయితీలపై న్యూయార్కు ప్రజలలో నిరసన తలెత్తడంతో 2019 ఫిబ్రవరిలో అమెజాన్ అక్కడి నుంచి తప్పుకుంది. ఆ జాబితాతో జంషెడ్‌పూర్‌ను తూచి చూస్తే 2011 జనాభా లెక్కల ప్రకారం 13 లక్షలకు పైబడిన నగర సముదాయంగా మొదటి షరతులో నెగ్గుతుంది. రెండవ షరతు దగ్గరే చతికిలబడుతుంది. సోనారీలోని విమానాశ్రయం పెద్ద జెట్ విమానాలకు చాలదు. రాంచీ విమానాశ్రయానికి రెండు మూడు గంటల రోడ్డు ప్రయాణం. ధల్‌భూమ్‌గఢ్‌లో రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విమాన స్థావరం వద్ద కొత్త విమానాశ్రయానికి 2019లో భూమి పూజ జరిగింది. ఆ తరువాత అది అటవీ అనుమతుల దగ్గర చిక్కుకుంది.

జాబితాలకు ఎక్కని కారణాలు కూడా కద్దు. న్యూయార్కు నగరాన్ని విడిచి శివార్లకు వెళ్లిన పెద్ద కంపెనీలను పరిశీలించిన విలియం వైట్ అనే పట్టణ జీవన పరిశోధకుడు వాటిలో అత్యధికం సంస్థ అధిపతి ఇంటికి చేరువగానే కొత్త కార్యాలయాన్ని కట్టుకున్నాయని తేల్చారు. ఖర్చులు, సౌలభ్యం, సిబ్బంది సంక్షేమం వంటి నివేదికలన్నీ అధిపతి గారి ప్రయాణ సమయాన్ని తగ్గించే తీర్మానం వద్దకే చేరాయన్నమాట. మన దేశంలో ఇటువంటి పరిశోధన ఎవరైనా చేస్తే ఫలితం వేరుగా ఉంటుందనుకోనక్కర్లేదు. మేనేజరు భార్యకో భర్తకో ఉద్యోగం, పిల్లలకు బడి, సాయంకాలానికి ఢిల్లీ వెళ్లి రాగల విమానం ఉన్న ఊరే గొప్ప ఊరు.

గద్దెను గనికి దూరంగా తీసుకుపోవడం కంపెనీకైనా క్షేమమేనా అన్న సందేహానికి బోయింగ్ సంస్థ అనుభవాన్ని పేర్కొనక తప్పదు. సియాటిల్‌లో విమానాలు తయారుచేస్తూ 2001లో ఆ సంస్థ ప్రధాన కార్యాలయాన్ని చికాగోకు తరలించింది. రోజువారీ ఉత్పత్తి వ్యవహారాలకు యాజమాన్యం దూరంగా ఉండటమే మంచిదన్నది అప్పటి సిద్ధాంతం. 2022లో మళ్లీ మకాం మార్చి రక్షణ శాఖకు పొరుగున ఉన్న ఆర్లింగ్టన్‌కు చేరింది. 2018, 2019 సంవత్సరాలలో రెండు 737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది మరణించిన తరువాత, ఇంజనీర్లకూ యాజమాన్యానికీ మధ్య పెరిగిన దూరమే సంస్థ పతనానికి బీజమని పలువురు విమర్శించారు. రెండు వేల మైళ్ల దూరమే అంతటికీ కారణమనడం అతిశయోక్తి. షాపు ఫ్లోరు మీద వినిపించే మాట డైరెక్టర్ల చెవికి చేరడానికి ఎంతకాలం పడుతుందన్న ప్రశ్న మాత్రం అతిశయోక్తి కాదు.

జార్ఖండ్ కోల్పోయేదేమిటో కూడా నిదానంగా లెక్క వేసుకోవాలి. పన్నులు పోతాయన్న ప్రచారంలో సగమే నిజం. కంపెనీల ఆదాయపు పన్ను కేంద్రానిది. అందులో రాష్ట్రాల వాటా ఆర్థిక సంఘం సూత్రాలను బట్టి వస్తుంది గానీ కార్యాలయం చిరునామాను బట్టి కాదు. 2017 జూలై 1 నుంచి అమలవుతున్న జీఎస్టీ ప్రధానంగా వస్తువు వినియోగమైన రాష్ట్రానికి చెందుతుంది. గనుల రాయల్టీ గని ఉన్న రాష్ట్రానికే దక్కుతుంది. అసలు నష్టం మరొకచోట ఉన్నది. ఆడిటర్లు, న్యాయవాదులు, బ్యాంకు మేనేజర్లు, ప్రకటనల సంస్థలు, హోటళ్లు గద్దె చుట్టూ చేరతాయి. ఊళ్లోని కుర్రవాడు ఇంజనీరింగు చదివి కర్మాగారంలో చేరగలడు గానీ కంపెనీ విధానాలు రచించే గదిలోకి చేరాలంటే ఊరు విడవాలి. 1990 దశకం ఆరంభంలో 70 వేలకు మించి ఉన్న టాటా స్టీల్ సిబ్బంది తరువాతి పదిహేనేళ్లలో సుమారు సగానికి తగ్గారు. ఉత్పత్తి మాత్రం పెరిగింది. స్వచ్ఛంద విరమణ పథకాలు మానవీయంగానే అమలయ్యాయని అనేకులు మెచ్చుకున్నారు. అయినా అటువంటి నిర్ణయం ఎక్కడ ఎవరి సమక్షంలో జరుగుతుందన్నది ఆ నిర్ణయానికి తలవంచే ఊరికి చిన్న విషయం కాదు.

ఇది తెలుగువారికి పరాయి సమస్య కాదు. బెంగాల్ నాగపూర్ రైలు ఎక్కి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి కార్మికులుగా వెళ్లినవారి సంతతి జంషెడ్‌పూర్‌లో తరతరాలుగా స్థిరపడి ఉన్నది. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం వారి ఉనికికి గుర్తు. వారిని అలా ఉంచి మన ఇంటి లెక్కనే చూద్దాం. 1923లో మచిలీపట్నంలో డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య స్థాపించిన ఆంధ్రా బ్యాంకు తరువాతి కాలంలో హైదరాబాదుకు మకాం మార్చింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమై దాని గద్దె ముంబయికి పోయింది. అంతకు మూడేళ్ల ముందే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ కూడా ఎస్‌బీఐలో కలిసి అదృశ్యమైంది. శాఖలన్నీ ఇక్కడే ఉంటాయి కదా అన్న సమాధానమే అప్పుడూ వినిపించింది. పేరైనా నిలపండని రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఎందరో కోరారు. ఫలితం లేకపోయింది.

నాణేనికి రెండవ వైపు ఎన్‌ఎండీసీ. 1958లో ఏర్పడిన ఈ ప్రభుత్వ రంగ సంస్థ ప్రధాన గనులు బస్తరులోని బైలదిల్లా కొండలలో ఉన్నాయి. అక్కడి ఖనిజం కొత్తవలస–కిరండోల్ రైలు మార్గంలో అరకు కొండలు దిగి విశాఖ రేవుకు చేరి జపానుకు వెళ్లింది. గద్దె మాత్రం హైదరాబాదులోని మాసబ్ ట్యాంక్‌లో ఉన్నది. దానిని తమ రాష్ట్రానికి తరలించాలని ఛత్తీస్‌గఢ్ నాయకులు పార్టీలకు అతీతంగా కోరుతూ వచ్చారు. నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని 2022లో ప్రత్యేక కంపెనీగా విడదీశాక ఆ కొత్త కంపెనీ చిరునామా బస్తరులోనే నిలిచింది. అంతమేరకు వారి కోరిక నెరవేరినట్లే. ఆంధ్రా బ్యాంకు ముంబయికి పోయినప్పుడు అన్యాయమని వాపోయినవారు ఎన్‌ఎండీసీ విషయంలో బస్తరు గిరిజనుల వాదనకు ఏమని బదులిస్తారు? సొమ్మొకడిది సోకొకడిది అన్న మాట మన వైపు కూడా వేలు చూపుతున్నది. ప్రాంతీయ గౌరవం పేరిట వాదించేవారు ముందుగా ఈ లెక్క తేల్చుకోవలసి ఉంటుంది.

2021లోనే తూర్పు భారతంలో ఇటువంటిదే మరొక వివాదం తలెత్తడం గమనార్హం. ఉక్కు ప్రాధికార సంస్థ సెయిల్ కోల్‌కతాలోని తన ముడిపదార్థాల విభాగాన్ని మూసి, జార్ఖండ్, ఒడిశాలలోని గనుల అజమాయిషీని బొకారో, రూర్కెలా కర్మాగారాలకు అప్పగించాలని నిర్ణయించింది. నాటి పశ్చిమబెంగాల్ ఆర్థిక మంత్రి అమిత్ మిత్రా తీవ్రంగా అభ్యంతరం తెలిపారు. గద్దె గనికి దగ్గరగా జరిగినప్పుడు ఏడ్చినది కోల్‌కతా. దూరంగా జరుగుతుందన్నప్పుడు ఏడ్చినది జంషెడ్‌పూర్. ప్రతి నగరానికీ తన కన్నీరే నిజమైనదిగా తోచడం సహజం.

ముంబయి గద్దె కింద నలిగామని చెప్పేవారు సాగరాల ఆవల కూడా ఉన్నారు. 2007లో కోరస్ సంస్థను కొని టాటా స్టీల్ బ్రిటన్‌లో అడుగుపెట్టింది. నష్టాల కారణంగా వేల్స్‌లోని పోర్ట్ టాల్బట్‌లో చివరి బ్లాస్ట్ ఫర్నేసును 2024 సెప్టెంబరు 30న ఆర్పివేశారు. విద్యుత్ ఫర్నేసు దాని స్థానంలో రావలసి ఉన్నా వేల మంది ఉపాధి పోయింది. ఇక్కడ సాక్చి గ్రామాన్ని నగరం చేసిన నిర్ణయం, అక్కడ ఒక ఉక్కు పట్టణానికి చీకటి తెచ్చిన నిర్ణయం ఒకే భవనం నుంచి వెలువడ్డాయి. అమెరికా దీనికి తనదైన విరుగుడు వెదికింది. పిట్స్‌బర్గ్‌లోని యూఎస్ స్టీల్‌ను జపానుకు చెందిన నిప్పన్ స్టీల్ 2025 జూన్‌లో కొనుగోలు చేసినప్పుడు ప్రధాన కార్యాలయం పిట్స్‌బర్గ్ నుంచి కదలాలంటే దేశాధ్యక్షుని సమ్మతి ఉండాలన్న షరతును ప్రభుత్వం ప్రత్యేక వాటా ద్వారా రాయించుకున్నది. స్వేచ్ఛా వాణిజ్యం గురించి ప్రపంచానికి పాఠాలు చెప్పిన దేశమే ఆ పని చేసింది.

మన చట్టంలో అంతటి బిగింపు లేదు. ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి రిజిస్టర్డ్ కార్యాలయం మార్చాలంటే 2013 నాటి కంపెనీల చట్టం 13వ సెక్షన్ ప్రకారం వాటాదారుల ప్రత్యేక తీర్మానం, కేంద్ర ప్రభుత్వ ఆమోదం కావాలి. పత్రికలలో ప్రకటన ఇవ్వాలి, రుణదాతల జాబితా సమర్పించాలి. ఈ మార్పు కారణంగా ఏ ఉద్యోగినీ తొలగించబోమని ప్రమాణ పత్రం దాఖలు చేయాలి. దరఖాస్తు ప్రతిని రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన కార్యదర్శికి అందజేయాలి. అయితే ఆ కార్యదర్శి వద్దంటే ఏమవుతుంది? రాష్ట్రం తన ఆదాయ ప్రయోజనాల దృష్ట్యా అభ్యంతరం చెప్పవచ్చునని 1950 దశకంలో ఒరిస్సా హైకోర్టు ఓరియంట్ పేపర్ మిల్స్ కేసులో భావించింది. తరువాతి దశాబ్దాలలో కలకత్తా, బొంబాయి హైకోర్టులు అందుకు భిన్నమైన వైఖరి తీసుకున్నాయి. భారతదేశం ఒకే ఆర్థిక వ్యవస్థ అయినప్పుడు ఒక రాష్ట్రం నష్టం మరొక రాష్ట్రానికి లాభమే కదా అన్న తర్కం క్రమంగా పైచేయి అయింది. ఆ తర్కం దేశానికి వర్తిస్తుంది. ఒక పట్టణానికి వర్తించదు.

గేట్లు మూసి కంపెనీలను నిలుపుకోవచ్చుననుకోవడం మాత్రం పొరపాటు. స్థానికులకు 75 శాతం ఉద్యోగాల చట్టాలను ఆంధ్రప్రదేశ్ 2019లో, జార్ఖండ్ 2021లో తెచ్చాయి. హర్యానా తెచ్చిన అటువంటి చట్టాన్ని 2023 నవంబరులో అక్కడి హైకోర్టు కొట్టివేసింది. ఉద్యోగాలకు కోటా విధించినా, డైరెక్టర్ల సమావేశం ఏ ఊరిలో జరగాలో చట్టంతో విధించగలిగే రాష్ట్రం లేదు. జార్ఖండ్ చేతిలో అంతకన్నా విలువైన పత్రం ఒకటి ఉన్నది. 2005లో పునరుద్ధరించిన జంషెడ్‌పూర్ భూమి లీజు 1996 నుంచి లెక్కించి 30 ఏళ్లకు, అంటే 2025 డిసెంబరు దాకా వర్తించేది. ఎన్నికైన కార్పొరేషన్ లేకుండా కంపెనీ సేవలతో నడిచే నగరంలో నీరు, రోడ్లు, విద్యుత్తు, బస్తీలలో నివసించేవారి హక్కులు అన్నీ ఆ పత్రంతో ముడిపడి ఉన్నాయి. ఏ విభాగాల నిర్ణయాధికారం జంషెడ్‌పూర్‌లోనే ఉండాలో, కొనుగోళ్లలో ఎంత భాగం స్థానిక చిన్న పరిశ్రమలకు వెళ్లాలో, శిక్షణకు ఎంత వెచ్చించాలో లిఖితపూర్వకంగా అడగవలసిన వేదిక గేటు కాదు, ఆ లీజు చర్చల బల్ల. ఆదిత్యపూర్ పారిశ్రామిక వాడలో టాటా సంస్థల ఆర్డర్ల మీద ఆధారపడి బతుకుతున్న వందలాది చిన్న కర్మాగారాల యజమానులను అడిగితే, పుణే చిరునామా కన్నా కొనుగోలు విభాగం అధికారి ఏ ఊరిలో కూర్చుంటాడన్న దానికే ప్రాధాన్యం ఇస్తారు.